బొడ్లో ఐదిళ్ళ తాళాలు

తెనాలి తిరిగొచ్చి వారమైంది. అరికాళ్ళ మీద బొబ్బలు మానాయి గానీ మెడ మీద ఎండ గీత ఇంకా పోలేదు. వేసవంతా విశాఖలో ఏం చేశావని అడిగిన ప్రతివాళ్ళకీ "గంప ముందేసుకుని కూర్చున్నా" అని చెప్పి నవ్వించి తప్పించుకుంటున్నాను. అసలు సంగతి మర్చిపోకముందే రాసి పెట్టుకోవాలని ఇది.

పని ఏంటంటే, విశాఖలో చరిత్ర పిచ్చి ఉన్న కొంతమంది ఒక రిటైర్డు మాస్టారి వెనక చేరి వేసవి సెలవుల్లో పాత ఊళ్ళో నడకలు పెట్టారు. మామూలుగా అయితే గైడు ముందు నడుస్తూ చెప్పుకుపోతాడు కదా, ఇక్కడ అలా కాదు. సందు మలుపులోనో ఏదో అరుగు మీదో, విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డ 1942 నాటి మనుషులు తగులుతారు, వాళ్ళని ఏమైనా అడగొచ్చు, వాళ్ళు ఆ కాలంలో ఉండే జవాబు చెప్తారు. ఆ తగిలే మనుషుల్లో నేనొకదాన్ని. ఎంఏ హిస్టరీ అయ్యాక ఖాళీగా ఉన్నాను. మా తాత పద్యనాటకాల వాళ్ళ ముఖాలకి రంగులు వేసేవాడు కాబట్టి వేషమంటే బెరుకు లేదు. నెలకి పన్నెండు వేలూ, ఉండటానికి గదీ ఇస్తామన్నారు. బయల్దేరాను.

2025 మే 2, పూర్ణా మార్కెట్ వెనక

రైలు దిగేసరికి ఉదయం ఏడు కూడా కాలేదు, అప్పటికే జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. మా వైపు ఎండ మాడుస్తుంది, ఇక్కడి ఎండ ఉడకబెడుతుంది. "ఏటమ్మా, ఎక్కడికెల్లాల?" అన్న ఆటో ఆయన రెండొందలు అడిగి నూటఇరవైకి దిగాడు. దారిపొడుగునా సింహాచలం మాటే. రెండు రోజుల ముందు, చందనోత్సవం నాడు, గోడ కూలి ఏడుగురు పోయారు. ఆయన చెప్తూ చెప్తూ ఒక సిగ్నల్ దగ్గర ఆగి, కొండ ఉన్న వైపు తిరిగి దణ్ణం పెట్టుకుని, మళ్ళీ హారన్ కొట్టుకుంటూ బయల్దేరాడు.

గది ఒక పెంకుటింటి వెనక కట్టిన మేడ మీద. ఇంటావిడని మొదటి రోజే పిన్నీ అనేశాను, ఆవిడకీ అదే బాగుంది. నాతోపాటు గదిలో ఉండేది శ్రీకాకుళం వైపు అమ్మాయి, డిగ్రీ చివరి సంవత్సరం, నిద్రలో కూడా మాట్లాడుతుంది. ఇద్దరికీ కలిపి ఒక్కటే తాళంచెవి. "పోగొట్టీసారంటే తాళం బద్దలుకొట్టించాలి, సెప్పీసినాను" అంది పిన్ని. పోగొట్టనని చేతిలో చెయ్యేసి చెప్పాను.

పొద్దున్న మార్కెట్ మొదట్లో చోడి అంబలి తాగాను. మనం రాగులనేవాటిని ఇక్కడ చోళ్ళంటారు. గ్లాసు ఇరవై రూపాయలు, నంజుకోవడానికి ఉల్లిపాయ ముక్క, పచ్చిమిరపకాయ. ఉన్నన్ని రోజులూ పొద్దున్న నా టిఫిన్ అదే, దాని మీద పదకొండు దాకా లాగించేదాన్ని.

మే 4, పాత ఊరు

మాస్టారు మమ్మల్ని ఆరుగుర్ని వెంటేసుకుని టౌన్ కొత్తరోడ్డు నుంచి మొదలుపెట్టి కురుపాం మార్కెట్ ముఖద్వారం, బురుజుపేట, కోటవీధి, పాత పోస్టాఫీసు, విక్టోరియా రాణి విగ్రహం అన్నీ తిప్పారు. కోటవీధిలో కోట లేదు, బురుజుపేటలో బురుజూ లేదు, పేర్లు మాత్రం ఎవరూ పడగొట్టలేకపోయారు. కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి దగ్గర కాసేపు ఆగాం. అమ్మవారికి పైకప్పు లేదు, ఎండా వానా ఆవిడ మీదే. భక్తులు తిన్నగా వెళ్ళి తమ చేత్తోనే పసుపు కుంకాలు పెట్టుకుంటారు. హార్బరు వైపు చూస్తే పక్కపక్కనే మూడు కొండలు, ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి.

పని గురించి మాస్టారు అరుగు మీద కూర్చోబెట్టి చెప్పారు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో స్కాన్సెన్ అని ఒక ఆరుబయటి మ్యూజియం ఉందట, 1891లో తెరిచారు. ఊళ్ళ నుంచి పాత ఇళ్ళు విప్పుకొచ్చి మళ్ళీ నిలబెట్టి, వాటిలో ఆ కాలపు బట్టలు కట్టుకున్న మనుషుల్ని ఉంచారు. అమెరికాలో ప్లిమత్‌లో అయితే ఇంకో అడుగు ముందుకేసి 1627 నాటి పల్లె కట్టారు, అందులో వేషం కట్టినవాళ్ళు తాము 1627లోనే ఉన్నట్టు మాట్లాడతారు. విమానం అంటే ఏంటని ఎదురు అడుగుతారు. "అంతదూరం ఎందుకులెండి, మన పగటివేషగాళ్ళు చేసిందీ ఇదే కదా" అన్నాను, తెనాలిదాన్ని కదా, ఊరుకోలేను. ఆయన నవ్వి, "పగటివేషగాడికి పురాణం తోడుంటుందమ్మా. నువ్వు కట్టేది కూరగాయలమ్మే మనిషి వేషం. ఆవిడ గురించి ఎవరూ ఏమీ రాసి పెట్టలేదు" అన్నారు. అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

నా తేదీ 1942 ఏప్రిల్ 8. ఆ తర్వాత జరిగినదేదీ నాకు తెలియకూడదు. క్విట్ ఇండియా లేదు, స్వాతంత్ర్యం లేదు, ఆంధ్ర రాష్ట్రం లేదు, మేం మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళం. క్రిప్స్ అనే దొర ఢిల్లీలో ఏదో మాట్లాడుతున్నాడని ఎవరో అంటే విన్నాను, అంతే. అసలు "1942" అన్న అంకె కూడా నా నోట రాకూడదు. ఏ సంవత్సరం అని అడిగితే చిత్రభాను అనాలి, చైత్ర బహుళం, సింహాచలం చందనయాత్ర ఇంకా రాలేదు అనాలి.

ఇక కొలతలు. గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. తూకానికి పలం, వీశె, మణుగు. డబ్బుకి కానీ, అర్ధణా, అణా, బేడ, పావలా. శ్రీకాకుళం అమ్మాయికి ఇవన్నీ వాళ్ళ నాయనమ్మ నోట విన్న మాటలే, నేనే రాత్రంతా ఎక్కాల్లా బట్టీపట్టాను.

మే 7, బీచ్ రోడ్డు

బీచ్ రోడ్డులో డచ్చివాళ్ళ నాటి బంగళాలో విశాఖ మ్యూజియం ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వేసిన బాంబుల్లో పేలకుండా మిగిలినది ఒకటి అక్కడుంది. నా వేషానికంతటికీ మూలం అదే కాబట్టి చూడకపోతే ఎలా అని వెళ్ళాను. ఇనుప పీపాలా ఉంది. నా ముందున్న కుటుంబం దాని పక్కన వరుసగా నిలబడి ఫోటో దిగి, ఏంటో చదవకుండానే ముందుకెళ్ళిపోయింది.

బాంబులు పడ్డ రోజు సోమవారం. ముందు రోజు, ఈస్టర్ ఆదివారం నాడు, జపాన్ వాళ్ళు కొలంబో మీద పడ్డారు. మర్నాడు ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు ఇటు విశాఖ మీద, అటు కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖ హార్బరు తెరిచి అప్పటికి తొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. నెల కిందటే, మార్చి 8న, రంగూన్ జపాన్ చేతికి పోయింది. ఇక తర్వాత మనమే అనుకుని ఊరు ఊరంతా మూటలు కట్టింది. యుద్ధకాలంలో ఆంధ్రా యూనివర్సిటీ కూడా ఇక్కడి నుంచి గుంటూరు తరలిపోయింది. మా పక్క ఊరికి ఒకప్పుడు విశాఖ యూనివర్సిటీ వలస వచ్చిందని ఎంఏ చదివిన నాకు ఇక్కడికొచ్చే దాకా తెలియదు, సిగ్గేసింది.

విచిత్రం ఏంటంటే నేను మ్యూజియంకి వెళ్ళిన రోజే దేశమంతా యుద్ధం మాక్ డ్రిల్ అన్నారు, విశాఖలోనూ పెట్టారు. పాకిస్తాన్‌తో ఏమవుతుందోనని అందరికీ టెన్షన్. నేను టిఫిన్ కొట్లో పెసరట్టు ముందు కూర్చుని టీవీలో చూస్తున్నాను. సైరన్ మోగితే ఏం చేయాలో చెప్తున్నారు. కొట్టు ఆయన అట్టు తిరగేస్తూ "ఇంతకీ రేపు కొట్టు తియ్యాలా ఒద్దా, అది సెప్పరేటి?" అన్నాడు. పర్సులోంచి కాగితం తీసి ఆ మాట రాసుకున్నాను. 1942లో కూరగాయలమ్మే మనిషి కూడా సరిగ్గా అదే అడిగి ఉంటుంది.

మే 10, మొదటి ఆట

ఆట అనకూడదు అన్నారు మాస్టారు, కానీ నేను ఆడింది ఆటే.

ముతక నేత చీర, ముడి రవిక, కాళ్ళకి చెప్పుల్లేవు, గోళ్ళ రంగు గీకేశాను, గంపలో వంకాయలు, బెండకాయలు, గుమ్మడి ముక్కలు. సాయంత్రం ఐదుకి ఇరవై మంది వచ్చారు. మనిషికి మూడొందల టికెట్. నేను అరుగు మీద నుంచి లేచి గంప పక్కన పెట్టి, "ఎక్కడి జపాను, ఎక్కడి విశాఖ!" అని గొంతెత్తి మొదలుపెట్టేసరికి సందులో కుక్క కూడా లేచి నిలబడింది. పద్యం ఒక్కటే తక్కువ. నువ్వెందుకు ఊరొదిలి పోలేదమ్మా అని ఒకాయన అడిగితే "పుట్టిన నేలని విడిచి పిరికిదానిలా పోతానా!" అన్నాను. చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు పులకరించింది.

మాస్టారు అందరూ వెళ్ళేదాకా ఆగి, "చప్పట్లు కొట్టారంటే నీ ముందు వాళ్ళు ప్రేక్షకులైపోయారన్నమాట. పక్కింటావిడ మాట్లాడితే ఎవరైనా చప్పట్లు కొడతారా?" అన్నారు. అదీగాక వంకాయలు కిలో ఎంత అంటే కిలో బేడ అన్నానట. కిలోలు మనకి వచ్చింది 1956 చట్టం తర్వాత. ఒక పదేళ్ళ పిల్లాడు పట్టేసుకున్నాడు. వాళ్ళమ్మ చేయి లాగుతూ "ఆంటీ కిలో అంది, ఆంటీ కిలో అంది" అని వీధి చివరిదాకా చెప్పుకుంటూ పోయాడు. ఆంటీ అన్నందుకు ఎక్కువ బాధేసింది.

మే 13, దారి తప్పి

ఇంకో దారిలో గదికి పోదామని కోటవీధి వెనక సందుల్లో పడ్డాను. అవి సందులు కావు, ఇళ్ళ మధ్య మిగిలిపోయిన జాగాలు. మూడుసార్లు తిరిగి అదే పంపు దగ్గరికొచ్చాను. మూడోసారి అరుగు మీద కూర్చున్న మామ్మ "ఏటే అమ్మీ, కుమ్మరి పురుగులా తిరుగుతున్నావు, ఎవరింటికి?" అంది. మజ్జిగ ఇచ్చింది. ఏం పని చేస్తావంటే చెప్పాను. ఆవిడ పడీపడీ నవ్వింది.

ఆవిడకి తొంభై. బాంబులు పడ్డప్పుడు ఏడేళ్ళ పిల్ల. విమానాలు గుర్తులేవు, చప్పుడు గుర్తులేదు. గుర్తున్నది జాడీ. ఎడ్లబండి ఎక్కి చోడవరంలో మేనత్త ఇంటికి బయల్దేరారట, వీధి మలుపు దాకా వెళ్ళాక వాళ్ళమ్మ బండి ఆపించి, దిగి, మళ్ళీ తాళం తీసి లోపలికెళ్ళి ఆవకాయ జాడీ తెచ్చింది. నిండు జాడీ కూడా కాదు, పాత ఆవకాయ, అడుగున కాస్త. కుట్టుమిషను వదిలేసింది, అద్దాల బీరువా వదిలేసింది, జాడీ మాత్రం చోడవరం దాకా రెండు పాదాల మధ్యా పెట్టుకుని కూర్చుంది. "మా నాన్న తిడతానే ఉన్నాడు, మా యమ్మ పలకలేదు" అంది మామ్మ.

మరి ఊరొదిలి పోకుండా ఎవరైనా ఉండిపోయారా మామ్మా అని అడిగాను. ఎందుకుండిపోయారని కూడా. ధైర్యం, నేల మీద మమకారం, అలాంటిదేదో వస్తుందనుకున్నాను. ఆవిడ నా వంక జాలిగా చూసింది. "బండి కిరాయి ఎంతడిగేవోడో తెల్సా? ఆ నాలుగు రోజులూ బండోళ్ళే మారాజులు. డబ్బున్నోళ్ళం పోనాం. లేనోళ్ళు ఉండిపోనారు." వాళ్ళ వీధికి కూరలు తెచ్చే మనిషి ఒకావిడ ఉండేదట, వాళ్ళ తాళాలు ఆవిడకే ఇచ్చి వెళ్ళారట. "మాదొక్కటేనేటి, వరసగా ఐదిళ్ళోళ్ళం ఇచ్చీసినాం. అన్నీ బొడ్లో దోపుకుని తిరిగేది."

ఆవిడ పేరేంటి మామ్మా?

చాలాసేపు ఆలోచించింది. గుర్తురాలేదు. జాడీ మీద నీలం పువ్వులు ఎన్నో చెప్పింది గానీ ఆ పేరు రాలేదు.

లేచి వస్తుంటే వెనక నుంచి "చుట్ట లేకుండా ఏటి వేషమే నీది? ఆ మనిషి అడ్డపొగ వేసేది" అని కేకేసింది. అడ్డపొగ అంటే చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం, ఈ తీరం పొడుగునా ఆడవాళ్ళకి పాత అలవాటు. మాస్టారికి చెప్తే పిల్లలొచ్చే చోట కుదరదన్నారు. వెలిగించిన చుట్ట వద్దు, అంటించని చుట్ట చెవి మీద పెట్టుకో అని చివరికి రాజీ కుదిరింది.

మే 18, తాళాలు

కొత్తరోడ్డు దగ్గర పాత ఇనుము కొట్టులో పొడుగు కాడల తాళంచెవులు ఐదు ఏరుకున్నాను. ఎనభై చొప్పున చెప్పాడు, ఐదూ రెండొందల యాభైకి ఇచ్చాడు. నూలు తాడుకి గుచ్చి బొడ్లో దోపాను. అంతే, నిలబడటం మారిపోయింది. నడిస్తే గలగలమంటాయి, కూర్చుంటే పొట్టలో గుచ్చుకుంటాయి, చెయ్యి దానంతటదే వాటి మీదికి పోతుంది.

ఆ రోజు గొంతెత్తలేదు. వాళ్ళొచ్చేసరికి వాడిపోయిన బెండకాయలు ఏరుతూ కూర్చున్నాను. నువ్వెందుకు పోలేదని ఎవరో అడగనే అడిగారు, ఈ ప్రశ్న అడగని రోజు లేదు. "బండికి డబ్బులేవీ బాబూ" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకావిడ ముందుకొచ్చి మామూలుగా, నిజంగా మార్కెట్‌లో అడిగినట్టు, మరి కొనేవాళ్ళు లేకపోతే ఈ కూరలు ఏం చేస్తావు అంది. దానికి నేను జవాబు సిద్ధం చేసుకోలేదు. తినీడమే అన్నాను. ఆవిడ నవ్వింది. ఆ తాళాలేంటి అని ఇంకొకరు. మీ ఇల్లు కూడా చూసుకోవాలా, ఊరెళ్తున్నారా అని అడిగాను. చప్పట్లు లేవు. మాస్టారు దూరంగా స్తంభానికి ఆనుకుని చంక గోక్కుంటున్నారు, అది ఆయన సంతోషంగా ఉన్నప్పుడు చేసే పని అని అప్పటికి తెలిసింది.

శ్రీకాకుళం అమ్మాయిది రంగం నుంచి తిరిగొచ్చిన మనిషి వేషం. బర్మాని ఇక్కడి పాతవాళ్ళు రంగం అనేవారు. ఓడ దొరికినవాళ్ళు ఓడల్లో, దొరకనివాళ్ళు అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చారు. ఆ పిల్లకి నటించే పనే లేదు. "మా ముత్తాత నడిసొచ్చీసినాడు. ఇద్దరు తమ్ముళ్ళతో బయల్దేరినాడు, ఒక్కడే వచ్చినాడు" అంటుంది, ఇంటి గుట్టు చెప్పినంత మామూలుగా. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగరు.

మే 21, భీమిలి

సెలవు. బీచ్ రోడ్డు వెంట పోయే 900K బస్సు ఎక్కాలని పిన్ని చెప్పింది, సముద్రం పక్కనుంచే పోతుంది అని. మేం మాటల్లో పడి 999 ఎక్కేశాం. అది హైవే మీద పోయింది. సముద్రానికి బదులు ఫ్లెక్సీలూ అపార్టుమెంట్లూ చూసుకుంటూ, నీవల్లంటే నీవల్లని దెబ్బలాడుకుంటూ భీమిలి చేరాం.

డచ్చి సమాధులు పిరమిడ్‌లా, స్తంభాల్లా ఎత్తుగా ఉన్నాయి, 1661 నాటివి కూడా ఉన్నాయంటారు. వాళ్ళ ఈస్టిండియా కంపెనీ ఇక్కడ బట్టల వ్యాపారం చేసుకుని, చచ్చి, రాళ్ళ మీద పేర్లు చెక్కించుకుని పడుకుంది. మూడున్నర శతాబ్దాలైనా పేరు చదవొచ్చు. నాకు మామ్మ మర్చిపోయిన పేరు గుర్తొచ్చి చిరాకేసింది. శ్రీకాకుళం అమ్మాయి అప్పటికే సమాధి నీడలో కూర్చుని ముంజెలు తింటోంది. డజను డెబ్భై, బేరానికి అరవై.

మధ్యాహ్నం మంచి చేప తినాలని నా పట్టుదల. హోటలావిడ "చేపల వేట నిషేధం నడుస్తంది కదమ్మా, జూన్ 14 దాకా మరబోట్లు ఎల్లవు" అంది. ఏప్రిల్ 15 నుంచి అరవై ఒక్క రోజులు, గుడ్లు పెట్టే కాలం. వంజరం ఉంది గానీ రేటు వినగానే నోరు మూసుకుని ఎండు నెత్తళ్ళ వేపుడు, పప్పుచారు, అన్నం తిన్నాం. ఇద్దరికీ రెండొందల నలభై. ఆ నెత్తళ్ళ కోసం మళ్ళీ భీమిలి వెళ్ళమన్నా వెళ్తాను. తిరుగు ప్రయాణంలో 900K బస్సే ఎక్కాం, కిటికీ పక్కన కూర్చోగానే నిద్రపోయాను. సముద్రం అప్పుడూ చూడలేదు.

మే 27, జలాంతర్గామి

ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామికి వెళ్ళి లైన్లో నిలబడ్డాను. సోవియట్ తయారీ, 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో రిటైరైంది, మరుసటి ఏడు ఒడ్డుకి లాక్కొచ్చి మ్యూజియం చేశారు. తొంభై ఒక్క మీటర్ల పొడుగు, డెబ్భై మందికి పైగా మనుషులు. నేను వెళ్ళింది ఇనుము చూడటానికి కాదు, లోపల చూపించే మనుషుల కోసం. వాళ్ళు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్ళు. వాళ్ళకి వేషం అక్కర్లేదు, తమ వేషం తామే.

ఒకాయన్ని పక్కకి పట్టుకుని, రోజుకి ఇన్నిసార్లు అదే చెప్పాలంటే విసుగు రాదా సార్ అని అడిగాను. "నేను మొదలుపెట్టనమ్మా. ఈ గుండ్రటి తలుపులున్నాయే, ఎవరో ఒకరు తల కొట్టుకుంటారు. అక్కణ్ణించి మొదలుపెడతాను" అన్నారు. అలా అంటుండగానే నేను కొట్టుకున్నాను. సాయంత్రం దాకా బొప్పి ఉంది.

ఆ వారం నుంచి నేనూ నోరు విప్పడం మానేశాను. తాళాలు చప్పుడయ్యేలా కదులుతాను, ఎవరో ఒకరు అడుగుతారు.

జూన్ 1, ఆరో తరగతి పిల్ల

సమ్మర్ క్యాంపు పిల్లలు ముప్పై మంది. సగం మందికి దాహం, మిగతా సగానికి బాత్రూం. రెండు జడల పిల్ల ఒకతి మాత్రం నా ఎదురుగా గొంతుక్కూర్చుని వరసగా అడుగుతోంది. బాంబు పడ్డప్పుడు ఎక్కడున్నావు, ఏడ్చావా, మళ్ళీ వేస్తారా?

మళ్ళీ వేస్తారో లేదో ఏప్రిల్ 8న కూరగాయలమ్మే మనిషికి తెలియదు. రాత్రిళ్ళు దీపం వెలిగించొద్దంటున్నారు, ఆకాశంలో కాకి అరిచినా తల పైకి పోతోంది అని చెప్పాను. నేను ప్రత్యేకంగా ఏమీ నటించలేదు, గొంతు తగ్గించానంతే. ఆ పిల్ల ముఖం మారిపోయింది. చుట్టూ చూసి, దగ్గరికి జరిగి, నా చెవి దగ్గర, "భయపడకు. మళ్ళీ రారు. మా సోషల్ పుస్తకంలో లేదు" అంది.

మొదటిసారి వచ్చింది కూడా మీ పుస్తకంలో లేదు కదమ్మా అని నోటిదాకా వచ్చింది. అది నా తేదీకి తెలియని మాట. పిల్లలు బెదిరితే వేషం దించి మాట్లాడమని మాస్టారి నియమం, చెవి మీది చుట్ట తీసి కింద పెడితే వేషం దించినట్టు గుర్తు. చెయ్యి చుట్ట మీదికి వెళ్ళింది కూడా. కానీ ఆ పిల్ల బెదరలేదు, నన్ను ఓదారుస్తోంది. వెళ్ళేటప్పుడు వాటర్ బాటిల్ నాకివ్వబోయి, ప్లాస్టిక్ అని గుర్తొచ్చి కాబోలు, వెనక్కి తీసుకుంది.

ఆ రాత్రి బీచ్‌లో ముంత మసాలా నలభై రూపాయలు పెట్టి తిన్నాను, కారానికి కళ్ళ నీళ్ళొచ్చాయి. కారానికే.

జూన్ 8, చివరి రోజు

ఇరవై రెండు నడకలు అయ్యాయి. లెక్క చూసేవాళ్ళు వచ్చి, టికెట్లు అనుకున్నంత తెగలేదు, నెలకి తొమ్మిది వేలే ఇవ్వగలం అన్నారు. మాస్టారు తలదించుకున్నారు, ఆయన జేబులో నుంచి వెయ్యి తీసి ఇవ్వబోతే నేను పుచ్చుకోలేదు. శ్రీకాకుళం అమ్మాయి మాత్రం గట్టిగానే అడిగింది, దానికి ఐదొందలు ఎక్కువ వచ్చాయి. అడగాల్సింది.

పగటివేషగాళ్ళు చివరి రోజు వేషం లేకుండా ఇంటింటికీ వచ్చి సంభావన తీసుకుంటారు. నేనూ అలాగే చూడీదార్ వేసుకుని మామ్మ దగ్గరికి వెళ్ళాను. ముందు పోల్చుకోలేదు. పోల్చుకున్నాక, చీరలోనే బాగున్నావు అంది. పేరు ఇంకా గుర్తురాలేదంది, నేనడగలేదు, తనే అంది. వాళ్ళు చోడవరం నుంచి తిరిగొచ్చేసరికి రెండు నెలలైందట. ఇల్లు ఎలా ఉంది మామ్మా అంటే, "ఎలగుంటాది, ఊడ్చి ముగ్గెట్టి ఉంది" అంది.

జూన్ 9, రైల్లో

అనకాపల్లి దాటాక టికెట్ కోసం బ్యాగులో చెయ్యి పెడితే చల్లగా ఏదో తగిలింది. పాత ఇనుము తాళాల గుత్తి. ఐదు ఉండాలి, ఆరున్నాయి. ఆరోది గది తాళంచెవి. పొద్దున్న గుచ్చింది నేనే, పోతుందేమోనని.

ఫోన్ చేస్తే పిన్ని ఎత్తడం ఎత్తడమే, "గుంట ఈదిలో నిలబడి ఉంది! దాని బట్టలన్నీ లోపలే ఉండిపోనాయి!" అని మొదలుపెట్టింది. వెనకాల శ్రీకాకుళం అమ్మాయి ఏదో అరుస్తోంది, మంచి మాటలైతే కావు. తుని వచ్చేదాకా తిట్లు తింటూనే ఉన్నాను. తాళం బద్దలుకొట్టించడానికి మూడొందలు అయ్యాయట, ఫోన్‌పే చేశాను. తాళంచెవి కొరియర్‌లో పంపుతానంటే, "ఇంక దాన్నేటి సేసుకోను, ఉంచుకో" అంది.